మందు మంచిదే, వేసుకునే తీరు చెప్పేవాళ్లే లేరు: చెన్నై డాక్టర్లకు, ఫార్మసిస్టులకు, ఔషధ శాఖ అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

చెన్నైలో మందుల షాపుల్లో, ఆసుపత్రి ఫార్మసీల్లో, వార్డుల్లో పనిచేస్తున్న తెలుగు ఫార్మసిస్టులం, నర్సులం కలిసి రాస్తున్న లేఖ ఇది. ఇదే విషయం మీద ఇదివరకు ఒక వినతిపత్రం ఇచ్చాం. ముద్ర వేసిన రసీదు చేతికొచ్చింది గానీ జవాబు రాలేదు. మళ్లీ వెళ్లి అడిగితే సంబంధిత విభాగానికి పంపామన్నారు. ఆ విభాగం ఏదో ఇప్పటికీ తెలియలేదు కాబట్టి ఇక అందరూ చదివేలా రాస్తున్నాం.

తమిళనాడు మందుల సరఫరా మీద మాకు గౌరవం ఉంది. 1994లో మొదలైన వైద్య సేవల కార్పొరేషన్‌ను చూసి చాలా రాష్ట్రాలు నేర్చుకున్నాయి. బీపీ, షుగర్ మాత్రలు ఇంటి గడప దాకా తెచ్చిచ్చే పథకం 2021 నుంచి నడుస్తోంది. మందు దొరకడం లేదన్నది మా ఫిర్యాదు కాదు. నకిలీ మందుల సంగతి కూడా పక్కన పెడుతున్నాం; దానికి చట్టం ఉంది, ల్యాబులున్నాయి, జరిగితే పేపర్లో వస్తుంది. అసలైన మందు, సరైన మోతాదులో, డబ్బు పెట్టి కొన్నది, కౌంటరు దాటి ఒంట్లో పనిచేసే లోపు వృథా అయిపోతోంది. ఇది ఏ పేపర్లోనూ రాదు. గుణం కనిపించకపోతే డాక్టరు మోతాదు పెంచుతారు, లేదా ఇంకో మాత్ర కలుపుతారు. ఉన్న మాత్రను ఎలా వేసుకుంటున్నారని అడిగేవాళ్లు తక్కువ.

నిజానికి ఈ సంగతి ప్రపంచానికి నేర్పిన ఊళ్లలో ఇదొకటి. ఇప్పుడు చేట్‌పట్‌లో జాతీయ క్షయ పరిశోధన సంస్థగా ఉన్న కేంద్రం 1956లో మొదలైంది. క్షయ రోగులను శానిటోరియంలో పెట్టి మందులిచ్చినా, ఇరుకు ఇళ్లలో ఉంచి మందులిచ్చినా ఏడాది తిరిగేసరికి ఫలితం ఇంచుమించు ఒకటేనని 1959లో అక్కడి పరిశోధకులు చూపించారు. ఆ పరిశోధనలో వాళ్లు మందులిచ్చి ఊరుకోలేదు. చెప్పకుండా ఇళ్లకు వెళ్లారు, మిగిలిన మందు లెక్కపెట్టారు, మూత్రం పరీక్షించి మందు ఒంట్లోకి వెళ్లిందో లేదో చూశారు. మందు పనిచేసిందా అని తేల్చే ముందు మందు పడిందా అని చూడాలన్నది వాళ్ల పద్ధతి. ఐసోనియాజిడ్ అనే క్షయ మందును కొందరి ఒళ్లు త్వరగా అరగదీస్తుందనీ, వారానికోసారి ఇస్తే అలాంటివాళ్లకు గుణం తగ్గుతుందనీ కూడా అక్కడే గమనించారు. అలాంటి ఊళ్లో ఇవాళ మందుల చీటీ మీద ఉండేది 1-0-1 (పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి) మాత్రమే.

దీనివల్ల ఎక్కువ నష్టపోయేది రెండు రకాల తెలుగువాళ్లు. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి పొద్దున రైల్లో వచ్చి, చూపించుకుని, సాయంత్రం బండికి వెళ్లిపోయేవాళ్లు ఒకరు. తరతరాలుగా ఇక్కడే ఉండి, తమిళం మాట్లాడగలిగినా చదవలేని పెద్దవాళ్లు రెండోవారు. వీళ్లకు చీటీ ఇంగ్లీషులో, కవరు తమిళంలో, కౌంటరు దగ్గర చెప్పే ముక్క హడావిడిలో.

మేము రోజూ చూస్తున్నవి ఇవి.

1. థైరాయిడ్ మాత్ర, పొద్దుటి కాఫీ. లెవోథైరాక్సిన్ పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోవాలి. ఆ తర్వాత 30 నుంచి 60 నిమిషాల దాకా కాఫీ, టీ, టిఫిను ఏదీ వద్దు. మన ఇళ్లలో నిద్ర లేవగానే ఫిల్టర్ కాఫీ, ఆ గ్లాసు పక్కనే మాత్ర. కాఫీ ఆ మందును పేగులు సరిగా పీల్చుకోనివ్వదు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ చాలకపోతే పెరిగే రక్తపరీక్ష అంకె) తగ్గలేదని 50 మైక్రోగ్రాములను 75 చేస్తారు, ఆ తర్వాత 100. ఎప్పుడో ఆసుపత్రిలో చేరి నర్సు సరిగ్గా పరగడుపున ఇచ్చిన రోజుల్లో అదే 100 ఎక్కువై గుండె దడ మొదలవుతుంది.

గర్భిణుల విషయంలో ఇది మరీ తీవ్రం. వాళ్లకు థైరాయిడ్, ఐరన్, కాల్షియం మూడూ రాస్తారు. "టిఫిన్ అయ్యాక వేసుకో అమ్మా" అని మూడూ ఒకే కవర్లో ఇస్తే, ఐరన్, కాల్షియం రెండూ థైరాయిడ్ మందును పట్టేసుకుంటాయి. పైగా కాల్షియం ఐరన్‌ను కూడా అడ్డుకుంటుంది. మూడు మాత్రలు మింగినా తల్లికి రక్తం పెరగదు, టీఎస్‌హెచ్ దిగదు. కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదలకు మొదటి నెలల్లో తల్లి థైరాయిడే ఆధారం. కవరు మీద నాలుగు వరసలు రాస్తే చాలు: పొద్దున 6కి థైరాయిడ్ మంచినీళ్లతో, 8కి టిఫిను, 11కి ఐరన్ నిమ్మరసంతో, మధ్యాహ్నం 1:30కి, రాత్రికి భోజనంతో కాల్షియం. థైరాయిడ్‌కూ ఐరన్, కాల్షియంలకూ మధ్య 4 గంటలు, ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య కనీసం 2 గంటలు ఉండాలి.

2. పెరుగన్నంతో యాంటీబయాటిక్. "వేడి చేస్తుంది, పెరుగన్నం తినండి" అన్న సలహా కౌంటర్లలో ఉచితంగా దొరుకుతుంది. అమాక్సిసిలిన్‌కు పరవాలేదు. సిప్రోఫ్లాక్సాసిన్‌కు మాత్రం పాలు, పెరుగు, కాల్షియం, ఐరన్, పుల్లత్రేన్పుల సిరప్ ఇవన్నీ శత్రువులు. కాల్షియం మాత్రకు, సిరప్‌కు 2 గంటల ముందైనా 6 గంటల తర్వాతైనా వేసుకోవాలి. డాక్సీసైక్లిన్‌దీ దాదాపు ఇదే కథ. దాన్ని నిండు గ్లాసు నీళ్లతో మింగి కాసేపు పడుకోకుండా ఉండాలి, లేకపోతే అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. మందు సగం ఒంటికి పట్టకపోతే జ్వరం తగ్గదు, "పవర్ ఎక్కువ" మందు అడుగుతారు, ఇస్తారు.

3. ఒక మాత్ర ఇంకో మాత్రను దెబ్బతీయడం. గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్లకు క్లోపిడోగ్రెల్ ఇస్తారు. అది కాలేయంలో మారితేనే పనిచేసే మందు. దాన్ని మార్చే ఎంజైమును ఒమెప్రజోల్ అనే గ్యాస్ మాత్ర అడ్డుకుంటుంది. అమెరికా ఔషధ సంస్థ 2009లోనే హెచ్చరించింది. పైగా ఆ ఎంజైము పుట్టుకతోనే మందకొడిగా ఉన్నవాళ్లు యూరప్ వాళ్లలో కంటే మన దక్షిణాసియావాళ్లలో ఎక్కువ. ఆ ఎంజైమును అంతగా అడ్డుకోని పాంటాప్రజోల్ డాక్టరు రాస్తే, కౌంటరులో "అదీ గ్యాస్ మాత్రే, ఇదీ గ్యాస్ మాత్రే" అని ఒమెప్రజోల్ చేతిలో పెట్టడం చిన్న మార్పు కాదు.

అలాగే బీపీ మాత్రలు వాడేవాళ్లు మోకాళ్ల నొప్పికని చీటీ లేకుండా డైక్లోఫెనాక్ కొని రోజూ వేసుకుంటే బీపీ మందు గుణం తగ్గుతుంది. నీరు తీసే మాత్ర కూడా వాడుతుంటే కిడ్నీలకు దెబ్బ. క్షయకు వాడే రిఫాంపిసిన్ గర్భనిరోధక మాత్రలను పనికిరాకుండా చేస్తుంది, రక్తం పలచబరిచే మాత్రల గుణం తగ్గిస్తుంది. గుండె కవాటం మార్పించుకుని రక్తం పలచబరిచే ఎసిట్రోమ్ వాడేవాళ్లకు "ఆకుకూరలు మానేయండి" అని చెప్పేస్తున్నారు. మానేయనక్కర్లేదు. తోటకూర, పాలకూర వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. ఒక వారం పూర్తిగా మాని ఇంకో వారం రోజూ తింటేనే ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచగా ఉందో చూపే పరీక్ష అంకె) తలకిందులవుతుంది.

4. ఇన్సులిన్. అన్నింటికంటే ప్రమాదకరం ఇదే. మన దగ్గర సీసాలో వచ్చే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లది. పెన్నులో వేసే కార్ట్రిడ్జి 100 యూనిట్లది. సిరంజీలు కూడా రెండు రకాలు: ఎర్ర మూతది 40కి, నారింజ మూతది 100కి. సీసాకు 100 సిరంజి ఇస్తే, 10 గీత దాకా లాగినా ఒంట్లోకి వెళ్లేది 4 యూనిట్లే, షుగర్ దిగదు. పెన్ను పాడైందని కార్ట్రిడ్జిలోంచి 40 సిరంజితో లాగితే 10 గీత దగ్గర 25 యూనిట్లు వెళ్తాయి. ఆ మనిషి అర్ధరాత్రి స్పృహ తప్పుతాడు. కౌంటరులో "ఇన్సులిన్ సిరంజి" అని అడిగితే చేతికందింది ఇచ్చేస్తున్నారు.

ఇంకొకటి. తెరిచిన సీసా సాధారణంగా 28 రోజుల తర్వాత వాడకూడదు. 10 మిల్లీలీటర్ల సీసాలో 400 యూనిట్లుంటాయి. రోజుకు 20 యూనిట్లు వాడేవారికి అది 20 రోజుల్లో అయిపోతుంది. 8 యూనిట్లే వాడేవారికి 50 రోజులు వస్తుంది, డబ్బు పోసి కొన్నది ఎవరు పారేస్తారు? తెరిచిన తేదీ సీసా మీద రాయమని చెప్పేవాళ్లే లేరు. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రీజరుకు దూరంగా ఉంచాలి. ఒకసారి గడ్డకట్టింది కరిగినా పారేయాల్సిందే. తెల్లగా మబ్బుగా ఉండే 30/70 రకాన్ని రెండు అరచేతుల మధ్య పది, ఇరవై సార్లు మెల్లగా దొర్లించాలి, గట్టిగా ఊపకూడదు. రోజూ ఒకే చోట గుచ్చితే అక్కడ చర్మం కింద గడ్డ కట్టి మందు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ పీల్చుకుంటుంది. షుగర్ ఎందుకు ఎగుడుదిగుడుగా ఉందో తెలియక మోతాదు మారుస్తూ పోతారు. పొట్ట తడిమి చూస్తే ఒక్క నిమిషంలో తెలిసే సంగతి.

5. మింగకూడనివి మింగడం, విరవకూడనివి విరవడం. ఆయాసానికి రోటాహేలర్లో పెట్టి పీల్చాల్సిన క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేసేవాళ్లున్నారు. నాలుక కింద పెట్టమన్న సార్బిట్రేట్‌ను గుండెనొప్పి వేళ గబుక్కున మింగుతారు. పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఎల్ అని ఉన్న మాత్ర రోజంతా మెల్లగా కరగడానికి చేసింది. పెద్దగా ఉందని నూరి ఇస్తే మోతాదంతా ఒక్కసారే దిగుతుంది. మధ్యలో గాటు ఉన్న కొన్ని రకాలను మాత్రం సగానికి విరవొచ్చు, అది కంపెనీ కాగితంలో చూసి చెప్పాలి.

6. పిల్లల మందులు. పారాసిటమాల్ చుక్కల మందులో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటాయి. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 లేదా 250. 10 కిలోల బిడ్డకు ఒక్కో మోతాదు 150 మిల్లీగ్రాములు, అంటే చుక్కల మందు 1.5 మిల్లీలీటర్లు. "ఒక స్పూను" అని చెప్పి చుక్కల సీసా ఇస్తే బిడ్డకు 500 వెళ్తుంది. పొడి సీసాల్లో నీళ్లు గీత దాకా పోయాలి: ముందు సీసాను తట్టి పొడి వదులు చేసి, సగం నీళ్లు పోసి ఊపి, నురగ తగ్గాక గీత దాకా నింపాలి. కౌంటరులోనే కలిపి ఇస్తే సమస్యే ఉండదు. అమాక్సిసిలిన్-క్లావులనేట్ అయితే కలిపాక ఫ్రిజ్‌లో పెట్టి 7 రోజులే వాడాలి.

7. చెన్నై గాలి. మే నెలలో ఎండ 40 డిగ్రీలు తాకుతుంది, సముద్రపు తేమ సరేసరి. ఫిట్స్‌కు వాడే కార్బమాజెపీన్ మాత్రలు తేమకు గట్టిపడి, ఒంటికి పట్టే గుణంలో మూడో వంతు దాకా పోగొట్టుకోగలవు. వాటిని బాత్రూం అల్మారాలో, వంటింట్లో పొయ్యి పక్కన పెట్టకూడదని చెప్పే కౌంటరు ఎక్కడుంది? వంద మాత్రల థైరాయిడ్ సీసాలోంచి ముప్పై తీసి కాగితపు కవర్లో పోసి అమ్మడం కూడా తప్పే. ఆ మాత్రకు వెలుతురు, తేమ రెండూ పడవు. షీటు కత్తిరించి ఇచ్చేటప్పుడు బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. రేపు ఆ బ్యాచ్‌ను వెనక్కి పిలిస్తే తన ఇంట్లో ఉన్నది అదేనని పేషెంటుకు తెలిసే దారి లేదు.

8. కంపెనీ మార్పు. జనరిక్ మందులంటే భయం పుట్టించడం మా ఉద్దేశం కాదు. రెండు కంపెనీల మందు రక్తంలోకి చేరే తీరును పోల్చే పరీక్షలో 80 నుంచి 125 శాతం హద్దులుంటాయి. దీన్ని పట్టుకుని జనరిక్‌లో మందు 20 శాతం తక్కువుండొచ్చని ప్రచారం చేసేవాళ్లు లెక్క తెలియక చేస్తున్నారు. ఆ హద్దులు సగటుకు కాదు, సగటు చుట్టూ ఉండే అనుమానపు పరిధి మొత్తానికి. అదంతా లోపలే ఇమడాలంటే అసలు తేడా చాలా తక్కువుండాలి. నీటిలో సరిగా కరగని మందుల జనరిక్‌లకు మన దేశంలో ఈ పరీక్ష 2017 నుంచి తప్పనిసరి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మాత్రలను చవకైన జనరిక్‌లో నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

పేచీ గుప్పెడు మందులతోనే: ఫిట్స్‌కు వాడే ఫినైటోయిన్, కార్బమాజెపీన్, మానసిక జబ్బుకు వాడే లిథియం, రక్తం పలచబరిచే ఎసిట్రోమ్, వార్ఫరిన్, థైరాయిడ్ మాత్ర, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్. వీటిలో చాలని మోతాదుకూ, ఎక్కువయ్యే మోతాదుకూ మధ్య సందు ఇరుకు. ఫినైటోయిన్‌ను అరగదీసే శక్తి కాలేయానికి ఒక హద్దు దాకే ఉంటుంది. ఆ హద్దు దగ్గర మోతాదు మూడో వంతు పెంచితే రక్తంలో మందు రెట్టింపు దాటొచ్చు. వీటిని స్టాకులో ఏదుంటే అది అన్నట్టు నెలకో కంపెనీది ఇవ్వడం వల్ల అణిగి ఉన్న ఫిట్స్ తిరిగొస్తాయి. మారిస్తే తప్పేం లేదు, డాక్టరుకు చెప్పి మార్చి, రక్తపరీక్ష చేయించాలి. థైరాయిడ్‌కైతే 6 వారాలకు టీఎస్‌హెచ్.

దీర్ఘకాలిక జబ్బుల్లో మందులు చెప్పినట్టు వేసుకునేవాళ్లు సంపన్న దేశాల్లోనే సగం మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో చెప్పింది. మనలాంటి చోట్ల ఇంకా తక్కువ. ఈ లెక్కను చూపించి పేషెంట్ల నిర్లక్ష్యం అనడం సులువు. చదవగలిగే భాషలో ఒక్క ముక్క చేతికివ్వకుండా నిర్లక్ష్యం అనే హక్కు మనకెక్కడిది?

మా కోరికలు:

1. ప్రతి మందు మీదా షాపు అంటించే స్టిక్కరు ఉండాలి: తిండికి ముందా తర్వాతా, ఏ మందుతో, ఏ ఆహారంతో ఎన్ని గంటల ఎడం, ఎక్కడ పెట్టుకోవాలి, ఒక పూట మరిస్తే ఏం చేయాలి. తమిళం, ఇంగ్లీషుతో పాటు పేషెంటు అడిగితే తెలుగులో. తెలుగు వాక్యాలు రాసిచ్చే పని మాది, పైసా అడగం.

2. 2015 ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనల్లో పేషెంటుకు వివరించడం ఫార్మసిస్టు బాధ్యత అని ఉంది. మోతాదు, జాగ్రత్తలు, నిల్వ, పూట తప్పితే ఏం చేయాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. కొత్త చట్టం అక్కర్లేదు. తనిఖీకి వచ్చినప్పుడు లైసెన్సు, రిజిస్టరు చూసినట్టే, ఎదురుగా ఉన్న పేషెంటుకు ఏం చెబుతున్నారో నిలబడి వినండి. గోడకు సర్టిఫికెట్ వేలాడుతూ మనిషి లేని షాపుల మీద చర్య తీసుకోండి. మా వృత్తివాళ్లే అద్దెకు సర్టిఫికెట్లు ఇస్తున్నారని మాకు తెలుసు, వాళ్లను వెనకేసుకు రావడం లేదు.

3. షీటు కత్తిరిస్తే బ్యాచ్, గడువు బిల్లు మీద తప్పక రాయాలి. తేమకు పాడయ్యే మందులను సీసా విప్పి విడిగా అమ్మడం ఆపాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా షాపుల్లో, గోదాముల్లో ఉష్ణోగ్రత నమోదు పుస్తకాన్ని, ఇన్సులిన్ ఫ్రిజ్‌ను ప్రత్యేకంగా తనిఖీ చేయాలి.

4. ఇన్సులిన్‌తో సిరంజి అమ్మేటప్పుడు "40ఆ, 100ఆ" అని సీసా చూసి అడగడం, ఆ అంకెను బిల్లు మీద రాయడం తప్పనిసరి చేయండి.

5. డాక్టర్లకు: మోతాదు పెంచే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఎన్ని గంటలకు వేసుకుంటున్నారు, దేనితో వేసుకుంటున్నారు, ఇంకేం మందులు వాడుతున్నారు, పోయిన వారం ఎన్ని పూటలు తప్పాయి. పరీక్షకు వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో తెమ్మనండి. మందు పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో, జనరిక్ పేరుతో రాయాలని 2016 నుంచి వైద్య మండలి నియమం ఉంది. పైన చెప్పిన గుప్పెడు మందులకు మాత్రం "కంపెనీ మార్చవద్దు" అని చీటీ మీదే రాయండి.

6. ఆసుపత్రులకు: ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లను ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితంతో పాటు ఒక పేజీ తెలుగు మందుల పట్టిక ఇవ్వండి, గంటల వారీగా. నెల్లూరులో షాపువాడు అదే చూసి తర్వాతి నెల మందులిస్తాడు.

7. మందు పనిచేయకపోవడం కూడా, మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ ఔషధ పర్యవేక్షణ కార్యక్రమానికి నివేదించదగ్గ విషయమే. ఆ ఉచిత నంబరు 1800-180-3024 ప్రతి కౌంటరులో కనబడేలా పెట్టించండి.

ఈ ఏడింటిలో 1, 3, 4 ముందుగా అమలు చేయాలని అడుగుతున్నాం, ఖర్చు తక్కువ కాబట్టి. ఏది చేస్తారో, ఏది కుదరదో, కుదరనిది ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పండి. చర్చకు పిలిస్తే స్టిక్కర్ల నమూనాలతో వస్తాం.

ఇట్లు,
చెన్నైలో పనిచేస్తున్న కొందరు తెలుగు ఫార్మసిస్టులు, నర్సులు